ఇప్తా అంటే వేసుకోవడం

"ఎవరే గామె? పొద్దుగాల్నే ఇప్తా ఇప్తా అంటది. ఏం ఇప్తదట?"

మా నాయిన మంచం మీది నుంచి అడిగిన మాట ఇది. నేను వంటింటి గట్టు మీద ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి వీడియో కాల్ మాట్లాడుతున్నా. మాకు పొద్దున ఆరు. అవతల దక్షిణ కొరియాలోని దేగు నగరంలో తొమ్మిదిన్నర. అక్కడ ఒకామె స్వెటర్‌ను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని "ఇప్తా, ఇప్తా" అని చూపిస్తోంది. వాళ్ల భాషలో ఆ మాటకు బట్టలు వేసుకోవడం అని అర్థం. మా నల్లగొండ దిక్కు ఇప్తా అంటే విప్పుతాను అని. ఈ సంగతి చెప్తే నాయిన కాసేపు ఆలోచించి, "గట్లయితే ఆళ్ల దేశంల ఇప్తా అన్నోడు ఏసుకునుడే గదా, మంచిదే" అని కండ్లు మూసుకున్నాడు.

నేను సర్కారు హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. 2021లో, బడులు మూసి ఆన్‌లైన్ క్లాసులు నడిచినప్పుడు, మా ఎనిమిదో తరగతి ఆడపిల్లలు వాట్సాప్ గ్రూపులో ఒకరినొకరు "ఒన్ని" అని పిలుచుకోవడం చూశాను. కొరియన్ సీరియళ్ల మహిమ. ఒన్ని అంటే ఆడవాళ్లు తమకన్నా పెద్ద ఆడమనిషిని పిలిచే పిలుపు, మన అక్క అన్నమాట. పిల్లలకు తెలిసింది టీచర్‌కు తెలియకపోతే ఎట్లా అన్న రోషంతో కొరియన్ అక్షరాలు మొదలుపెట్టాను. వారంలో వచ్చేశాయి. మూలాక్షరాలు 24. 1446లో సేజోంగ్ రాజు ప్రజలకిచ్చిన లిపి అది. హల్లునూ అచ్చునూ ఒక గడిలో కూర్చి రాయడమే. గుణింతాలు దిద్ది పెరిగిన చేతికి అదేం పెద్ద పని కాదు.

అక్షరాల తర్వాత మాటలు కావాలి కదా. భాషలు మార్చుకునే యాప్ ఒకటుంటే అందులో చేరాను. నువ్వు నాకు నీ భాష చెప్పు, నేను నీకు ఇంగ్లీషు చెబుతాను అని ఒప్పందం. అట్లా దొరికింది ఒన్ని. అప్పటికే ఆమెకు 58 ఏళ్లు. మర్యాదకు పెద్దమ్మ వరస కలపబోతే ముఖం చిట్లించి "ఒన్ని" అని సరిదిద్దింది. నన్ను మాత్రం "సొన్సేంగ్‌నిమ్" అంటుంది, టీచర్ గారు అని. ఆ చివరి నిమ్ మన గారు లాంటిదే.

ఆమెది బట్టలు సరిచేసే చిన్న దుకాణం. ప్యాంటు పొడవు తగ్గించడం, జిప్పు మార్చడం, అరిగిన కాలర్‌ను తిప్పి కుట్టడం. దేగు మొదటి నుంచీ బట్టల మిల్లులకు పేరు పడ్డ ఊరు. ఆమె కూడా పెళ్లికి ముందు మిల్లులోనే చేసిందట. కొడుకు కెనడాలో స్థిరపడ్డాడు. కోడలు ఆ దేశపు పిల్ల. నాలుగేళ్ల మనవరాలికి కొరియన్ అంతంత మాత్రం. వీడియో కాల్‌లో ఆ పిల్ల బయట మంచు పడుతుంటే చలికాలం నేల మీద వట్టి కాళ్లతో తిరుగుతుంటుంది. చూసి నాయనమ్మ ప్రాణం కొట్టుకుంటుంది. నోట్లోంచి వచ్చేది మాత్రం "సాక్స్! సాక్స్!" అంతే. పిల్ల కూడా "సాక్స్! సాక్స్!" అని నవ్వి ఉరుకుతుంది.

"నాకు ఆ వాక్యం పూర్తి చెయ్యాలి" అంది ఒన్ని మొదటి రోజే. నేను ఇన్నేళ్లలో ఎంతోమంది పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను కానీ, ఇంత స్పష్టంగా ఏం కావాలో చెప్పినవాళ్లు లేరు.

రెండో వారంలో అనుకుంటా, ఆమె కెమెరా ముందు కూర్చుని "ఐ యామ్ పుటింగ్ ఆన్ మై గ్లాసెస్" అంది. కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి, చేతులు ఒళ్లో ఉన్నాయి.

"నో ఒన్ని. వేరింగ్. ఐ యామ్ వేరింగ్ మై గ్లాసెస్."

ఆమె ముఖం మాడిపోయింది. పక్కనున్న నోటుబుక్కు తీసి కెమెరాకు దగ్గరగా పట్టింది. ఒక పేజీ పైన వేర్ అని రాసి, కింద పేజీ నిండా కొరియన్ మాటలున్నాయి. వాటిలో ఏదో ఆమె వెతికింది, దొరకలేదు. చివరికి నోటుబుక్కు పక్కన పెట్టి లేచి నిలబడింది. ఫోన్‌ను కాళ్ల దగ్గరికి దించింది.

చెప్పులు. "షిన్‌తా." మేజోళ్లు. అవీ షిన్‌తానే. ఫోన్ కొంచెం పైకి వచ్చింది. ప్యాంటు, చొక్కా, స్వెటర్. "ఇప్తా." చేతికున్న వాచీ. "చాదా." వేలికి ఉంగరం. "క్కిదా." ఇరుకులోకి దూర్చడం అన్న అర్థం వస్తుందట, గ్లౌజులకూ అదే. హ్యాంగర్‌కున్న ఎవరిదో టై తీసి మెడకు పెట్టుకుంది. "మేదా." కట్టడం. చెవి కమ్మలు. "హాదా." హాదా అంటే వట్టిగా చేయడం. అంటే వాళ్లు కమ్మలు చేస్తారు. చివరికి టోపీ, కళ్లద్దాలు. "స్సుదా." అంతటితో ఆగక మూలనున్న గొడుగు తెరిచి నెత్తిన పట్టుకుని "దిస్ ఆల్సో స్సుదా" అంది. (అదే స్సుదాకు రాయడమని, వాడడమని, చేదు అని కూడా అర్థాలున్నాయి. ఆ రోజుకు ఆ సంగతి వదిలేశాం.)

ఇంత చూపించి ఆయాసంతో కూర్చుని అడిగింది: "ఇంగ్లీష్, ఓన్లీ వేర్? షూస్ వేర్, హ్యాట్ వేర్, రింగ్ వేర్? సేమ్?"

సేమ్, అన్నాను. కాలికీ నెత్తికీ తేడా తెలియని భాష ఇదేం భాష అన్నట్టు చూసింది నన్ను. ఆ భాషను నేనే చేసినట్టు నాకు కొంచెం తప్పుగా కూడా అనిపించింది.

కాల్ అయిపోయాక టేబుల్ మీద దిద్దాల్సిన పేపర్ల కట్ట ఉంది. బొమ్మ చూసి ఐదు వాక్యాలు రాయండి అన్న ప్రశ్న. బొమ్మలో సంతకు వచ్చిన ఒక ముసలాయన, ఒకావిడ, ఒక పాప. మా పిల్లలు రాసినవి చదవండి. ది ఓల్డ్ మ్యాన్ టైడ్ ఎ టర్బన్. ది ఉమన్ టైడ్ ఎ శారీ. హి కెప్ట్ స్పెక్టకిల్స్. ది గర్ల్ కెప్ట్ ఫ్లవర్స్. ఒక మహానుభావుడు ది ఓల్డ్ మ్యాన్ కవర్డ్ గొంగడి అని కూడా రాశాడు. నేను పదకొండేళ్లుగా ఎర్ర పెన్నుతో కొట్టేసి పైన వేర్ అని రాస్తూనే ఉన్నాను. వాళ్లెందుకు అట్లా రాస్తున్నారో ఒక్కరోజూ ఆలోచించలేదు. దేగులో ఒక దర్జీ గొడుగు తెరిచి చూపిస్తే తప్ప తెలిసి రాలేదు.

తలకు రుమాల కట్టుకుంటాం. చీర కట్టుకుంటాం. అంగి తొడుక్కుంటాం. అద్దాలు పెట్టుకుంటాం. గొంగడి కప్పుకుంటాం. పిల్లలు ఇంగ్లీషు రాయలేకపోయినందుకు కాదు, తెలుగు బాగా వచ్చినందుకే మార్కులు పోగొట్టుకున్నారు.

మర్నాడు ఒన్నికి చూపిద్దామని నేనూ ఒక పాత క్వశ్చన్ పేపరు వెనక రాయడం మొదలుపెట్టాను. మా అమ్మ బియ్యం చెరుగుతూ నోటికొచ్చినట్టు అందించింది.

"పూలు పెట్టుకుంటం. బొట్టు పెట్టుకుంటం. గాజులు ఏసుకుంటం, గాజులాయన అస్తే ఏయించుకుంటం. పుస్తెలతాడు మెడలేసుకుంటం. వాచీ గూడ పెట్టుకుంటం."

"వాచీ కట్టుకుంటం అనరా?"

"మీ నాయిన కట్టుకునేటోడు. పిల్లలు పెట్టుకుంటుండ్రు. మొలదారం కట్టుకుంటం. సెంటు కొట్టుకుంటం. పౌడరు రుద్దుకుంటం. గంప నెత్తికెత్తుకుంటం, అది గూడ రాస్కో."

"గంప బట్టలల్లకు రాదమ్మా."

"ఎందుకు రాదు? సంతకు పోతే అది లేకుండ ఎప్పుడన్న పోయిన్నా నేను?"

గంప కూడా రాశాను. ఒన్నికి అన్నిటికన్నా అదే నచ్చింది.

వాళ్ల భాషలోనూ పూలను గుచ్చుతారు, సెంటును చల్లుతారు. ఇంగ్లీషులో మాత్రం సెంటునూ వేర్ అనవచ్చు, తలలో పువ్వునూ వేర్ అనవచ్చు, గడ్డాన్ని కూడా వేర్ అనవచ్చు. గడ్డం మాట చెప్పగానే ఒన్ని నోటుబుక్కు మూసేసి "టుమారో" అంది.

ఇక్కడో సంగతి. తెలుగులో మనకూ వేర్‌కు సమానమైన ఒక్క మాట లేకపోలేదు, ధరించడం. హెల్మెట్ ధరించండి అని రోడ్డు మీద బోర్డుంటుంది. మాస్కు ధరించండి అని కరోనాలో మైకులో అరిచారు. ఏ వస్తువుకైనా సరిపోతుంది. కానీ ఇంట్లో ఏ తల్లీ బిడ్డతో "చెప్పులు ధరించు" అనదు. అంటే ఆ పిల్ల వింతగా చూస్తుంది. కొరియన్‌లో కూడా ఇట్లాంటిదే ఒకటుంది, చాగ్యోంగ్ అని. చైనా మూలాలున్న మాట. సీటు బెల్టుల దగ్గర, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర రాస్తారు, కరోనాలో బోర్డుల మీదా రాశారు. ఇంట్లో అనరు. మనం సంస్కృతం నుంచి తెచ్చుకుని బోర్డుకెక్కించాం, వాళ్లు చైనా నుంచి తెచ్చుకుని బోర్డుకెక్కించారు. ఇంట్లో మాత్రం ఇద్దరమూ కాలికో మాట, నెత్తికో మాట.

ఇట్లాంటి పోలికలు చూసి మురిసిపోయినవాళ్లు నాకన్నా ముందే ఉన్నారు. హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్ వ్యాకరణాన్నీ ద్రావిడ భాషల వ్యాకరణాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చాడు. ఈ రెంటికీ చుట్టరికం ఉందంటే ఇప్పటి భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. మా నాయినకు ఆ పట్టింపులు లేవు. వాళ్లు కూడా చివర్లోనే క్రియ పెడతారనీ, అమ్మను ఒమ్మా, నాయిననూ అప్పా అంటారనీ చెప్పిన రోజు నుంచి ఒన్నిని "మన కొరియా అక్క" అనేస్తున్నాడు. వయసులో ఆమె ఆయనకు చెల్లెలవుతుంది.

సరే, అద్దాల దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. ఒన్ని తప్పు, మా పిల్లల తప్పు ఒకటి కాదు. మా పిల్లాడు ఎదురుగా నీలం చొక్కాతో నిలబడ్డవాణ్ని చూసి హి వోర్ ఎ బ్లూ షర్ట్ అంటాడు. ఎందుకంటే మనం అతను నీలం చొక్కా వేసుకున్నాడు అంటాం. వేసుకోవడం అయిపోయింది, చొక్కా ఒంటి మీద ఉంది, రెండూ ఆ ఒక్క మాటలోనే చెప్పేస్తాం. వేసుకుంటున్నాడు అంటే మాత్రం ఇంకా గుండీలు పెట్టుకుంటున్నట్టే. కొరియన్‌లో "ఇప్కొ ఇత్తా" అంటారు. ఒన్ని చెప్పినదాన్ని బట్టి, చొక్కా తొడుక్కుంటున్న మనిషికీ అదే మాట, తొడుక్కుని హాయిగా కూర్చున్న మనిషికీ అదే మాట. ఏది ఏదో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. అందుకే ఆమెకు ముక్కు మీదున్న అద్దాలు ఇంకా పెట్టుకుంటున్నట్టే వినిపించాయి. మనవాడు జరిగిపోయిందంటాడు, ఆమె ఇంకా జరుగుతోందంటుంది. ఇద్దరూ చొక్కా సంగతే చెబుతున్నారు.

గ్రామర్ పుస్తకం భాషలో చెబితే ఆమెకు ఎక్కలేదు, నాకు చెప్పడం రాలేదు. కూరలో ఉప్పేస్తూ ఉంటే తట్టింది. "ఒన్ని, ఫోటో తీస్తే చాలు అనిపిస్తే వేరింగ్. వీడియో తియ్యాల్సి వస్తే పుటింగ్ ఆన్."

ఆమె చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత నెలరోజులు ప్రతి వాక్యానికీ ముందు వేలెత్తి "ఫోటో? వీడియో?" అని తనను తాను అడిగి మరీ మాట్లాడింది. ఈ చిట్కా మా బడిలోనూ పెట్టాను. పిల్లలకు సెల్‌ఫోన్ భాష అయితే చెప్పిన వెంటనే ఎక్కుతుంది. ఇప్పుడు హి వోర్ అన్నవాణ్ని పక్కవాడే "ఫోటో రా" అని గుద్దుతున్నాడు.

మనవరాలి వాక్యం కూడా అట్లానే తేలింది. సాక్సులు ఇంకా కాలికి లేవు కాబట్టి వీడియో. పుట్ ఆన్ యువర్ సాక్స్. ఒన్ని దాన్ని రోజుకు ఇరవైసార్లు మెషిన్ చప్పుడులో అనుకునేదట. అనాల్సిన రోజు వచ్చేసరికి ఆ దేశంలో ఎండాకాలమొచ్చింది.

పుస్తకాల్లో వెతికి ఆమెకు చెప్పిన ఇంకో ముచ్చట. ఈ వేర్, వోర్, వోర్న్ అన్న వరస మొదటి నుంచీ లేదు. పాత ఇంగ్లీషులో అది మామూలుగా చివర డి చేర్చుకునే రకం క్రియే. బేర్, స్వేర్, టేర్ లాంటి చప్పుడు కలిసిన క్రియల వెంట పడి తర్వాత వోర్ అయిపోయింది. ఒన్ని విని, "బ్యాడ్ ఫ్రెండ్స్" అంది. అరిగిపోవడం అన్న అర్థం మాత్రం ఆమెకు చెప్పాల్సిన పని పడలేదు. ఎవరో తెచ్చిన కోటు మోచేతిని వెలుతురుకు పట్టి చూపించి, "వేర్, వేర్, వేర్. సో, వోర్న్" అంది. వేసుకోవడమూ అరగడమూ ఒకే మాట ఎందుకయిందో బట్టలు బాగుచేసేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నాయిన సంగతి. మాది మర్రిగూడ దిక్కు పల్లె. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందని మా జిల్లావాళ్లకు చెప్పనక్కర్లేదు. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపడతాయి, తర్వాత ఎముకలు, కీళ్లు బిగుస్తాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ఊరి పేరు ప్రపంచానికి అట్లా తెలిసింది. ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి కానీ, నాయిన ఒంట్లోకి పోయింది పోయింది. మెడ తిరగదు. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తాడు. ఎడమ మోచెయ్యి పూర్తిగా చాచుకోదు, ఆ భుజం వెనక్కి పోదు.

భుజం వెనక్కి పోకపోతే ఏమవుతుందో అంగి తొడిగేవాళ్లకు తెలుస్తుంది. మొదటి చెయ్యి ఎట్లాగో ఎక్కుతుంది. రెండో చెయ్యి దగ్గరే యుద్ధం. రెండో చేతిని ఎక్కించాలంటే మనిషి చెయ్యి వెనక్కి పెట్టి ఆ సందును వెతుక్కోవాలి. మనమంతా రోజూ చేస్తున్నాం, చేస్తున్నట్టు కూడా తెలియదు. నాయినకు అది కాదు. నేనూ అమ్మా చెరో పక్క పట్టుకుని గుంజేవాళ్లం. ఆయన పళ్లు బిగబట్టి "గా బనీన్ మీద ఉంటే నాకేమైతది" అనేవాడు. బయటివాళ్లెవరైనా వస్తున్నారంటే తువ్వాల కప్పుకుని కూర్చునేవాడు. కట్టుకోవడం, తొడుక్కోవడం, పెట్టుకోవడం అని నేను రాసిన పట్టీలో నాయినకు మిగిలింది కప్పుకోవడం ఒక్కటే.

ఒకరోజు కాల్ మధ్యలో ఈ గుంజులాట ఒన్ని కంట పడింది. ఏమీ అనలేదు. మర్నాడు ఆరింటికే ఒక మగవాళ్ల చొక్కాను తిరగేసి, కుట్లు పైకి ఉండేట్టు బల్ల మీద పరిచి సిద్ధంగా ఉంది. చేతిలో సుద్ద ముక్క.

"లుక్" అంది.

చొక్కా కింది అంచు నుంచి పక్క కుట్టు మీదుగా సుద్దతో పైకి గీసుకుంటూ వచ్చింది. చంక దగ్గర ఆగలేదు. అదే గీత చంకలో మలుపు తిరిగి, చేతి కిందుగా సాగి, మణికట్టు దాకా వెళ్లింది. నేను ఎన్ని చొక్కాలు ఇస్త్రీ చేశానో లెక్కలేదు. ఆ రెండూ ఒకే కుట్టని, దర్జీ ఒక్క గుంజుతో కుట్టుకుంటూ పోతాడని ఎప్పుడూ గమనించలేదు. "దిస్, ఓపెన్" అంది ఒన్ని. ఎడమ వైపు ఆ కుట్టు మొత్తం విప్పెయ్యాలి. రెండంచులూ లోపలికి మడిచి కుట్టి, కింద బద్దీ వేసి, టిచ్ బటన్లు పెట్టాలి. అప్పుడు కుడి చెయ్యి మామూలుగా ఎక్కించి, ఎడమ వైపు బట్టను భుజం మీదుగా దుప్పటిలా వేసి, చెయ్యి ఎక్కడున్నదక్కడ ఉండగానే కింద నుంచి టిచ్ బటన్లు నొక్కుకుంటూ రావచ్చు. చెయ్యి చొక్కాలోకి పోదు, చొక్కానే చేతి దగ్గరికి వస్తుంది. వాళ్లమ్మ భుజం విరిగినప్పుడు ఇట్లానే చేసిందట. ఆ తర్వాత గిరాకీలకు కూడా చాలామందికి చేసి ఇచ్చిందట.

నేను నాయినకు చెప్పాను. "ఎడమ దిక్కు కుట్టంత ఇప్పుతరట నాయినా."

"నేను మొదలే అన్న గద," అన్నాడు నాయిన. "ఆమె ఇప్తా అంటె విప్పుడే అని."

గడియారం సెంటర్ వెనక సందులో మాకు తెలిసిన టైలర్ ఉన్నాడు. ఫోన్‌లో ఒన్ని పంపిన ఫోటోలు చూపిస్తే తల గోక్కుని, "అక్కా, కుట్టిన అంగి ఇప్పుమంటరేంది, కొత్తది కుట్టిమ్మన్నా ఇస్త గద" అన్నాడు. మొత్తం చెప్పాక మాత్రం ఆసక్తి పుట్టింది. పెద్ద టిచ్ బటన్లు వద్దు, అవి నొక్కాలంటే ముసలాయన పక్కలో పొడిచినట్టవుతుంది, చిన్నవి దగ్గర దగ్గరగా పెడతానన్నాడు. వెల్క్రో అయితే ఉతికినకొద్దీ పోగులు పట్టి పాడవుతుందట. పదకొండు బటన్లు పెట్టాడు. చంకలో మలుపు దగ్గర రెండు. డబ్బులు తీసుకోలేదు, మొదటిది కదా చూద్దాం అన్నాడు.

మొదటిసారి తొడిగినప్పుడు నా తమ్ముడు వీడియో తీశాడు. కుడి చెయ్యి ఎక్కింది. ఎడమ వైపు బట్ట కప్పాను. కింద నుంచి టిక్, టిక్ అని నొక్కుకుంటూ పోతుంటే నాయిన లెక్క పెట్టాడు. పదకొండు అనగానే, "అయిపోయిందా?" అన్నాడు. నమ్మలేదు. ఎడమ చేతి వంక చూసుకోవాలని మనిషి మొత్తం అటు తిరిగాడు.

ఆ వీడియో ఒన్నికి పంపాను. పది నిమిషాల్లో మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులోనే రాసింది, ట్రాన్స్‌లేటర్ వాడలేదని తప్పును బట్టే తెలుస్తుంది. "సొన్సేంగ్‌నిమ్, యు వోర్ యువర్ ఫాదర్ వెరీ వెల్."

నువ్వు మీ నాన్నను చాలా బాగా వేసుకున్నావు. నవ్వొచ్చింది, తర్వాత కొంచెంసేపు నవ్వు రాలేదు.

తప్పు ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. కొరియన్‌లో ఇప్తా అంటే తాను వేసుకోవడం. మధ్యలో చిన్న అక్షరం పడి ఇఫిదా అయితే ఇంకొకరికి వేయడం. కాలికి షిన్‌తా అయితే, ఇంకొకరి కాలికి షిన్‌గిదా. మనకు అది తలకిందులుగా ఉంటుంది. తొడగడం, కట్టడం, పెట్టడం అన్నవి ఎదుటివాళ్లకు చేసేవి. మనకు మనం చేసుకుంటే దానికి కొను చేరి తొడుక్కోవడం, కట్టుకోవడం, పెట్టుకోవడం అవుతాయి. వాళ్లు తమతో మొదలుపెట్టి ఎదుటివాళ్ల దగ్గరికి పోతారు, మనం ఎదుటివాళ్లతో మొదలుపెట్టి మన దగ్గరికి వస్తాం. ఇంగ్లీషు వేర్ మాత్రం తన ఒంటిని దాటి బయటికి రాదు. గడ్డాన్ని వేర్ అంటుంది, సెంటును వేర్ అంటుంది, నవ్వును కూడా వేర్ అంటుంది. నాయినకు అంగి తొడగడం మాత్రం దాని వల్ల కాదు.

అంతే కాదు, దీనికి సరైన మాట నేను మొదటి వారాల్లో ఆమె నోట్లోంచి లాక్కున్నదే. ఒన్నికి రాశాను: యు పుట్ ద షర్ట్ ఆన్ హిమ్. వీడియో, ఒన్ని.

వెంటనే కాల్ చేసింది. "సో, మై ఫస్ట్ సెంటెన్స్, కరెక్ట్?"

"నో, అప్పుడు ఫోటో."

"నౌ వీడియో."

"నౌ వీడియో."

ఆమె నోటుబుక్కు తీసి ఏదో కొట్టేసింది, ఏదో రాసుకుంది. నాయిన ఇంకా ఆ అంగి మీదే కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్ అటు తిప్పితే ఒన్ని నడుం వంచి దండం పెట్టింది. నాయినకు మెడ వంగదు కాబట్టి కుడి చెయ్యి ఎత్తాడు. ఆ తర్వాత అమ్మను పిలిచి అల్మారీలో పైన అరలో మడిచిపెట్టిన తెల్ల అంగి తెమ్మన్నాడు. నాలుగేళ్ల కింద దసరాకు కుట్టించింది, ఒక్కసారి కూడా తొడుక్కోలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఎడమ చంక కుట్టును వేలితో తడిమి నా వైపు పెట్టాడు.

"గిది గూడ ఇప్పియ్యి."